సవరణ: మా పెద్దమ్మకి షుగర్ తగ్గింది ఆ పొడితోనని రాయడం తప్పు

నరసన్నపేటలో మా పెద్దమ్మకి, పేపర్లో పెట్టి పంచిన కరపత్రం చూసి తెప్పించుకున్న పొడితో షుగర్ దిగిందని పోయిన వారం రాశాను. నిన్న ఆవిడ మందుల డబ్బా తీసి చూస్తే సగం ఖాళీ అయిన మెట్‌ఫార్మిన్ (డాక్టర్లు రాసే షుగర్ బిళ్ల) అట్ట కనబడింది. "డాక్టరు బిళ్ల నేనెప్పుడు మానేశాన్రా?" అంది. రెండూ వేసుకుంటోంది, పేరు మాత్రం పొడికొచ్చింది. కరపత్రంలో ఫొటోలతో మెచ్చుకున్నవాళ్లు ఇంకేం మందులు వాడారో అందులో ఒక్క ముక్క లేదు.

అలాంటి ప్రకటన చట్టబద్ధమేనన్న నా మాటా తప్పే. మధుమేహం నయం చేస్తామని మందు ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది, ఎవరి ఫొటో వేసినా సరే.

నా మాట నమ్మి పొడి కొన్న ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పాను. ఇంకెవరైనా కొనుంటే, దయచేసి డాక్టరు రాసిన బిళ్లలు మాత్రం ఆపకండి.