అలవాటు అని సర్దిచెప్పకండి

స్నూకర్ ఆడి ఇప్పుడే వచ్చాను. క్యూ (బంతులు కొట్టే కర్ర) కేసు ఇంకా భుజానికే వేలాడుతోంది. మంచినీళ్లు కూడా తాగలేదు. ఇది రాసేస్తే గానీ నాకు ఇవాళ నిద్ర పట్టదు.

చివరి ఫ్రేమ్, అంటే మ్యాచ్‌లో ఆఖరి ఆట. టేబుల్ మీద పింక్ బంతి (6 పాయింట్లు), బ్లాక్ బంతి (7 పాయింట్లు) రెండే మిగిలాయి. నాతో ఆడుతున్న కుర్రాడు 8 పాయింట్లు ముందున్నాడు. అంటే నేను రెండూ వేయాల్సిందే. పింక్ వేశాను. వైట్, అంటే క్యూతో కొట్టే తెల్లబంతి, మెల్లగా దొర్లుకుంటూ వచ్చి నేను అనుకున్న చోటే ఆగింది. ఇక మిగిలింది బ్లాక్. దాని స్పాట్ మీదే ఉంది, కార్నర్ పాకెట్‌కి పెద్ద కోణం కూడా లేదు. వంగాను. గడ్డం క్యూకి ఆనించాను. వైట్ చూశాను, బ్లాక్ చూశాను, పాకెట్ చూశాను. ఆ పాకెట్ వెనకాలే, రెండడుగుల దూరంలో, వాడి బెల్టు బకిల్ తళుక్కుమంటోంది. పోనీలే, పట్టించుకోవద్దు అనుకున్నాను. చివరిసారి క్యూ వెనక్కి లాగాను. సరిగ్గా అప్పుడు మొదలుపెట్టాడు తన క్యూ కొనకి చాక్ రుద్దడం. కిర్రు, కిర్రు, కిర్రుమని.

బ్లాక్ పాకెట్ అంచుకి తగిలి బయటికొచ్చింది. వాడు వేసేశాడు. అయిపోయింది.

"అక్కడెందుకు నిలబడ్డావు తమ్ముడూ?" అని అడిగాను. "నేనేం చేశానన్నా, చాక్ వేసుకుంటున్నా. నాకు అలవాటు" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ అదే పాట. "వదిలేయన్నా, వాడికి అలవాటే అంత."

ఏం అలవాటండీ? టర్న్ నాది. బ్లాక్ పడితే ఆట అయిపోతుంది, వాడికి మళ్లీ క్యూ ఎత్తే పనే లేదు. ఇంక చాక్ ఎందుకు? ఎవరి కోసం?

నాకు అలవాట్లంటే గిట్టదనుకోకండి. ఈ ఆటలో అలవాటు లేనివాడు ఒక్కడుంటే చూపించండి. ఒకాయన ప్రతి షాట్‌కీ ముందు సరిగ్గా నాలుగుసార్లు క్యూ ఆడిస్తాడు. మధ్యలో ఎవరైనా దగ్గితే లేచి నిలబడి మళ్లీ మొదటినుంచీ లెక్కపెడతాడు. ఇంకొకాయన తన క్యూని ఎవరినీ ముట్టనివ్వడు, సొంత తమ్ముణ్ని కూడా. స్నూకర్ లాంటిదే ఇంకో ఆట, పూల్ ఆడేవాళ్లయితే ఆడటానికో క్యూ, ఆట మొదలుపెట్టే దెబ్బ కొట్టడానికో క్యూ, బంతిని ఎగరేయడానికో క్యూ మోసుకుని తిరుగుతారు. షాట్ కొట్టాక బంతి పాకెట్ వైపు వెళ్తుంటే దాంతోపాటు నడుం వంచి, ఒక కాలు గాల్లోకి లేపి, "పడు, పడు, పడు" అని బతిమాలేవాళ్లు ఎంతమందో. ఇవన్నీ నాకు ఇష్టమే. మనిషి ఆటలో మునిగిపోయాడని చెప్పే గుర్తులవి. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు.

స్నూకర్ ఆటగాడు డెన్నిస్ టేలర్ కళ్లద్దాలే తీసుకోండి. మొహంలో సగం కప్పేసేంత పెద్దవి, తలకిందులుగా పెట్టుకున్నాడా అన్నట్టుండేవి. జనం నవ్వారు. కానీ క్యూ మీదకి వంగినప్పుడు మామూలు కళ్లద్దాల ఫ్రేమ్ చూపుకి అడ్డొస్తుంది, అందుకే పైకి ఎత్తుగా ఉండేలా చేయించుకున్నాడు. ఆ కళ్లద్దాలతోనే 1985 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో, షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో, స్టీవ్ డేవిస్ మీద గెలిచాడు. 18-17. మొత్తం 35 ఫ్రేములు, ఆఖరి ఫ్రేమ్‌లో ఆఖరి బ్లాక్ మీద తేలింది. అర్ధరాత్రి దాటిపోయింది, బ్రిటన్‌లో కోటీ 85 లక్షల మంది టీవీల ముందు కూర్చుని చూశారు. ఆ బ్లాక్ కోసం ఒకరి తర్వాత ఒకరు ప్రయత్నించి మిస్ చేశారు. అంతకంటే పెద్ద టెన్షన్ ఇంకెవరికుంటుంది? అప్పుడు కూడా ఒకరు కొడుతుంటే పాకెట్ వెనకాల నిలబడి చాక్ కిర్రుమనిపించాలని ఇంకొకరికి తోచలేదు.

మర్యాద సంగతి వదిలేయండి, ఇది రూలు. టర్న్ లేనివాడు కొట్టేవాడి చూపు వరసలో నిలబడకూడదు, కదలకూడదు, టేబుల్‌కి తగినంత దూరంలో కూర్చోవాలి లేదా నిలబడాలి. స్నూకర్ రూల్సులో స్పష్టంగా ఉంది. పూల్‌లోనూ ప్రత్యర్థి దృష్టి మళ్లించడం తప్పే, ఆటగాళ్ల భాషలో దానికి షార్కింగ్ అని పేరు కూడా ఉంది. సొరచేప చుట్టూ తిరిగినట్టు తిరుగుతారన్నమాట. మ్యాచ్ తేల్చే ఆటలో ఎదుటివాడు టేబుల్ దగ్గర ఉండగా మనం క్యూ మరలు విప్పితే, మ్యాచ్ వదులుకున్నట్టే లెక్క అని అంతర్జాతీయ పూల్ రూల్సులో ఉంది. ఎందుకు పెట్టారనుకుంటున్నారు? ఆ పని చేసి ఎదుటివాడి చెయ్యి వణికించిన వాళ్లు ఎక్కువైపోబట్టే కదా.

చాక్ గురించి ఇంకో మాట, ఇది కూడా చాలా రోజులుగా గొంతులో ఉంది. పేరుకే అది చాక్. బడిలో బోర్డు మీద రాసే సుద్దకీ దీనికీ సంబంధం లేదు. 1897లో అమెరికాలో స్పింక్స్, హాస్కిన్స్ అనే ఇద్దరు పేటెంట్ తీసుకున్నప్పటి నుంచీ ఇది రాపిడి పొడే, ఇసుక జాతి. క్యూ కొనమీది తోలు టిప్ జారకుండా పట్టు ఇవ్వడానికి. దాన్ని తీసుకెళ్లి నీలంరంగు మొహం కిందకి పెట్టి టేబుల్ అంచు చెక్క మీద బోర్లిస్తారు కొందరు. అది చెయ్యికి అంటుతుంది, చెయ్యి నుంచి క్లాత్‌కి, క్లాత్ నుంచి బంతికి. రెండు బంతులు గుద్దుకునే చోట ఒక్క రేణువు పడితే చాలు, ఆ క్షణం అంటుకున్నట్టయి వైట్ ఎగురుతుంది, రెండో బంతి దారి తప్పుతుంది. దాన్నే కిక్ అంటారు. మీరు షాట్ సరిగ్గానే కొట్టారు, ఎవడో బోర్లించిన చాక్ మీ ఫ్రేమ్ తినేసింది. అడిగితే వాడు కూడా అదే అంటాడు, అలవాటు అని.

స్లోగా ఆడేవాళ్ల మాటేమిటని కామెంట్లలో ఎలాగూ అడుగుతారు. నాకూ ఒళ్లు మండుతుంది. 1997లో రానీ ఓసల్లివాన్ వరసగా 36 సార్లు బంతులు పాకెట్లలో వేసి, ఒకే టర్న్‌లో 147 పాయింట్లు (ఫౌల్ ఏదీ కలవకపోతే చేయగలిగిన గరిష్ఠం) పూర్తిచేయడానికి పట్టింది 5 నిమిషాల 8 సెకన్లు. 2005 ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనల్లో అదే రానీ మీద ఆడిన పీటర్ ఎబ్డన్‌కి ఒక టర్న్‌లో 12 పాయింట్లు చేయడానికి 5 నిమిషాల పైనే పట్టింది. చూసేవాళ్లకి ప్రాణం విసిగిపోయింది. కానీ 8-2తో వెనకబడి 13-11తో గెలిచాడు. నేను ఎబ్డన్ని ఇంతవరకూ ఒక్క మాట అనలేదు, అనను కూడా. అతను తన టర్న్‌లో ఆలోచించాడు. తన టైమ్ తను వాడుకున్నాడు. ఎదుటివాడు వంగి గురిపెట్టినప్పుడు ఆ క్షణం లాక్కోలేదు. నాకు కావలసిన తేడా అదొక్కటే.

అసలు ఆ కుర్రాడి మీద నాకు ఇంత కోపం ఎందుకొచ్చిందో దారిలో ఆలోచిస్తూ వచ్చాను. వాడికి ఇరవై కూడా నిండలేదు. వాడికి ఆట నేర్పింది ఎవరో నాకు తెలుసు. ఆ నిలబడే తీరు, ఆ చాక్ రుద్దే తీరు, మొత్తం గురువుదే.

ఆ గురువూ నేనూ మూడేళ్లు ఒకే టేబుల్ మీద ప్రాక్టీస్ చేశాం. తర్వాత ఒక క్లబ్ టోర్నమెంట్ సెమీస్‌లో ఎదురుపడ్డాం. ఆఖరి ఫ్రేమ్. అతను అడ్డంగా సాగి బ్లాక్ కొట్టడానికి వంగాడు. కింద పింక్ ఉంది. చొక్కా చేతి గుండీ దానికి తగిలింది. పింక్ అర అంగుళం కూడా కదల్లేదు, కానీ దాని మీద పడ్డ లైటు మచ్చ పక్కకి జరిగి మళ్లీ నిలబడింది. నేను కుర్చీలోంచి చూశాను. రిఫరీ అవతలివైపు ఉన్నాడు, అతనికి కనపడలేదు.

బట్టలు తగిలినా ఫౌల్ ఫౌలే. పింక్ కాదు, బ్లాక్ మీద ఆడుతున్నాడు కాబట్టి నాకు 7 పాయింట్లు రావాలి, టర్న్ కూడా నాదే. ఈ ఆటలో పరువు గలవాళ్లు రిఫరీ నోరు తెరిచేలోపే చెయ్యెత్తి, "తగిలింది" అని తామే చెప్పేస్తారు. అతను చెయ్యెత్తలేదు. తల తిప్పి నావైపు చూశాడు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. మళ్లీ వంగి బ్లాక్ వేశాడు. ఆ ఫ్రేమ్ నేను 5 పాయింట్ల తేడాతో ఓడిపోయాను.

తర్వాత అందరూ చెప్పిన మాట ఏంటో తెలుసా? "అతను షాట్‌లో మునిగిపోతే చుట్టూ ఏమీ గమనించడు, అలవాటు." అప్పుడు నేను నోరు మూసుకున్నాను. గొడవెందుకులే, స్నేహితుడు కదా అనుకున్నాను. ఆ మౌనానికి ఫలితం ఇవాళ ఆ పాకెట్ వెనకాల నిలబడింది.

కుర్రాడితో నాకు పేచీ లేదు. వచ్చేవారం వాడితోనే మళ్లీ ఆడతాను. వంగే ముందే "కూర్చో తమ్ముడూ" అంటాను, కూర్చునేదాకా కొట్టను.

నువ్వు మాత్రం ఈ పోస్ట్ చదువుతావని నాకు తెలుసు, నా పోస్టులన్నీ చదువుతావు. పింక్ కదిలింది. నువ్వు చూశావు. నేను చూడటం కూడా నువ్వు చూశావు.