తమ్ముడి వంతు వచ్చేసరికి

అమెరికా పౌరురాలైన ఒక అక్క 2006లో గుంటూరులోని తమ్ముడి కోసం ఐ-130 దరఖాస్తు (బంధువులను శాశ్వత నివాసానికి రప్పించుకునేది) పెట్టిందనుకుందాం. అప్పటికి అతని కొడుక్కి తొమ్మిదేళ్లు. తోబుట్టువుల కోటాలో ఆ ఏడాది నాటి భారతీయ దరఖాస్తుల్లో చాలావాటికి 2025లో గాని వంతు రాలేదు. కొడుక్కి ఇరవై ఎనిమిది నిండాయి. ఇరవై ఒకటి దాటిన సంతానం తండ్రి వీసా మీద వెళ్లడానికి చట్టం ఒప్పుకోదు. 2002 నాటి సవరణ కొంత ఊరట ఇచ్చింది గాని, అది వయసులోంచి తగ్గించేది అధికారులు దరఖాస్తును పరిశీలించిన కాలాన్నే. వరుసలో నిలబడిన ఏళ్లను కాదు. ఇలాంటి పిల్లలకు తండ్రి దరఖాస్తు పాత తేదీ, అంటే వరుసలో ఆ స్థానం, వర్తించదన్న ప్రభుత్వ వాదనను అక్కడి సుప్రీంకోర్టు 2014లో సమర్థించింది. పిల్లల చదువుల కోసమే వెళ్లాలనుకున్న మనిషి యాభై దాటాక, ఆ కొడుకును ఇక్కడే వదిలి వెళ్లి ఏం చేయాలి? ఈలోగా అక్క కన్నుమూస్తే దరఖాస్తూ ఆమెతోనే పోతుంది. మానవతా దృష్టితో పునరుద్ధరించమని కోరవచ్చు. కరుణించడం, మానడం అధికారుల ఇష్టం.

పౌరుల భార్యాభర్తలకు, ఇరవై ఒకటి లోపు అవివాహిత సంతానానికి, తల్లిదండ్రులకు సంఖ్యా పరిమితి లేదు. చిక్కంతా మిగతావారిది. 1990 చట్టం తోబుట్టువులకు ఏటా 65,000 వీసాలు కేటాయించింది. తమ్ముడితోపాటు మరదలిని, పిల్లలను కూడా ఆ లెక్కలోనే వేస్తారు కనుక నలుగురున్న ఇల్లు నాలుగు వీసాలు తింటుంది. ఆపైన మొత్తం కోటా వీసాల్లో ఏ దేశానికైనా ఏడు శాతం గరిష్ఠ పరిమితి. నాలుగు లక్షల జనాభా కూడా లేని ఐస్‌లాండ్‌కూ అదే, నూట నలభై కోట్ల భారత్‌కూ అదే. గ్రీన్‌కార్డుదారుల పెద్ద పిల్లల పరిస్థితి మరీ విడ్డూరం: వంతు రాకముందే పెళ్లి చేసుకుంటే దరఖాస్తు చెల్లదు. అందుకని వచ్చిన సంబంధాలను వాయిదా వేసే ఇళ్లు మనకు కొత్త కాదు.

దీన్ని 'గొలుసు వలస' అని ఈసడించేవారు అమెరికాలో తక్కువేమీ కాదు. 2017లో సెనేట్ ముందుకు వచ్చిన రెయిజ్ బిల్లు భార్యాభర్తలకు, మైనర్ పిల్లలకు తప్ప మిగతా బంధువులందరికీ గ్రీన్‌కార్డు దారి మూసేయాలంది. తల్లిదండ్రులకు తాత్కాలిక వీసాతో సరిపెట్టింది. ఆ బిల్లును బలపరిచిన అధ్యక్షుడు ట్రంప్ అత్తమామలు, కూతురు మెలానియా ద్వారా గ్రీన్‌కార్డు పొంది, 2018లో పౌరులుగా ప్రమాణం చేశారు. వారు చేసింది తప్పని మేము అనడం లేదు. తల్లిదండ్రులను దగ్గర ఉంచుకోవాలనుకోవడం ఏ కూతురికైనా సహజం. ఆ కోరిక మెలానియా పుట్టిన స్లోవేనియాకు ఒప్పు, సూర్యాపేటకు తప్పు ఎలా అవుతుంది?

అన్నదమ్ములకు తలుపులు బార్లా తెరవాలని ఏ దేశాన్నీ ఎవరూ శాసించలేరు. కానీ రమ్మని చట్టంలో రాసి ఇరవై ఏళ్లు నిలబెట్టడం న్యాయం కాదు. దరఖాస్తు పెట్టిన నాటి వయసునే పిల్లల వయసుగా లెక్కించాలి. భార్యాపిల్లలను కోటా లెక్క నుంచి తప్పించాలి. అవి చేతకాకపోతే, ఇప్పటికే వరుసలో ఉన్నవారికి వీసాలిచ్చి, కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపాలి. ఆ మాట చేదుగా ఉన్నా, ఇక్కడి తమ్ముడు తన బతుకేదో తాను చూసుకుంటాడు.

అమెరికన్ కాంగ్రెస్ మన మాట వినదు. మన ప్రభుత్వాలు వినవచ్చు. తల్లిదండ్రుల దరఖాస్తులకు కోటా అడ్డు లేకపోయినా కాగితాలు అడ్డుపడుతున్నాయి. 1950లలో పల్లెలో, ఇంట్లోనే పుట్టిన అమ్మకు జనన ధ్రువపత్రం ఎక్కడిది? పదో తరగతి మెమోలో బడిపంతులు వేసిన తేదీ ఒకటి, ఆధార్‌లో మరొకటి. పాస్‌పోర్టులో అత్తింటి పేరు, పాత కాగితాల్లో పుట్టింటి పేరు. నమోదు లేదని పంచాయతీ కార్యదర్శి రాసిచ్చే పత్రం ఊరికో తీరుగా ఉంటుంది. ముంబయి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ దగ్గర పడ్డాక అందులో అక్షరదోషం బయటపడితే మళ్లీ మొదటికి. జనన నమోదు లేదని తెలిపే పత్రానికి తెలంగాణ మీసేవలోను, ఆంధ్రప్రదేశ్ సచివాలయాల్లోను ఒకే నమూనా పెట్టి, ఇంగ్లిషులో ముద్రించి, గడువులోగా ఇప్పించే చొరవ మన ప్రభుత్వాలే తీసుకోవాలి.