తొమ్మిదో తేదీ రాత్రి ఎవరిది?

విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాడికి సముద్రం విషయంలో తీరని కోరిక ఒకటి ఉందంటే ఎవరూ నమ్మరు. నాకు ఉంది. యాభై రెండేళ్ళుగా ఆర్.కె. బీచ్‌లో సూర్యుడు నీళ్ళలోంచి పైకి రావడమే చూశాను గాని, నీళ్ళలోకి దిగడం ఒక్కసారీ చూడలేదు. మా సముద్రం తూర్పున ఉంది. సాయంత్రమయ్యేసరికి సూర్యుడు మా వీపు వెనక, అపార్టుమెంట్ల సందుల్లోంచి, సింహాచలం కొండల వైపు చప్పుడు చెయ్యకుండా జారుకుంటాడు, అద్దె బాకీ ఉన్నవాడిలా. గోవా వెళితే కనబడుతుంది కదా అంటారు. గోవా పేరెత్తితే మా ఆవిడ చూసే చూపు మీరు చూడలేదు.

అందుకని పోయిన అక్టోబరులో ఒక ఆదివారం, బీరకాయ చెక్కు తీస్తున్న ఆవిడ దగ్గర కూర్చుని, అండమాన్ వెళదామన్నాను. అక్కడ రాధానగర్ బీచ్ పడమర ముఖంగా ఉంటుంది, సూర్యుడు నేరుగా సముద్రంలోకి దిగుతాడు అన్నాను.

"ఇక్కడ ఉన్నది సముద్రం కాక చెరువా? డబ్బు పెట్టి ఇంకో సముద్రం చూడటమేమిటండీ?"

"అది మామూలు బీచ్ కాదు. 2020లో మన దేశానికి మొదటిసారి బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చిన ఎనిమిది బీచ్‌లలో అది ఒకటి."

ఆవిడ చెయ్యి తుడుచుకుని ఫోను తీసుకుంది. ఒక నిమిషం చూసి నా ముందు పెట్టింది. "ఆ ఎనిమిదిలో మన రుషికొండ కూడా ఉంది. సిటీ బస్సులో వెళ్ళి, మధ్యాహ్నం భోజనానికి వచ్చెయ్యవచ్చు."

ఇంటర్నెట్ వచ్చాక మొగుళ్ళకి మాట చెల్లడం తగ్గిపోయింది.

నన్ను గట్టెక్కించింది మా తోడల్లుడు గారు. గాజువాకలో ఉంటారు, ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. కబురు తెలిసిన గంటలో వదినగారితో సహా వచ్చి కూర్చుని, "మేమూ వస్తాం తమ్ముడూ. ఏర్పాట్లు నేను చూస్తాను" అన్నారు. ఆయన ఏర్పాట్లు చూడటం అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు. నేను బ్యాంకులో, ఆయన ఆడిట్‌లో. ఇద్దరు లెక్కల మనుషులుండగా ఏం పొరపాటు జరుగుతుంది అనుకున్నాను. చదివేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగి నవ్వుకోవచ్చు.

విశాఖ ఓడరేవు నుంచి అండమాన్‌కి ఓడ ఉంది, నెలకు ఒకటి చొప్పున, రెండున్నర రోజుల ప్రయాణం. కైలాసగిరి రోప్‌వేలోనే కళ్ళు మూసుకునే మా ఆవిడ ఆ మాట వినగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాబట్టి చెన్నై మీదుగా విమానం. డిసెంబరు ఆరో తేదీన వెళ్ళడం, పన్నెండో తేదీ పొద్దున్నే తిరుగు విమానం. ఆరు రాత్రులు. అసలు తగువు ఈ ఆరు రాత్రుల మీద వచ్చింది.

నాకు కావలసింది రాధానగర్ బీచ్ ఉన్న హేవ్‌లాక్ ద్వీపంలో సముద్రం ఒడ్డున రిసార్టు. ఆయనకు కావలసింది పోర్ట్ బ్లెయిర్. "ఊళ్ళో అయితే మనుషులుంటారు, బజారు ఉంటుంది, మందుల షాపు ఉంటుంది. రిసార్టులో ఏముంటుంది తమ్ముడూ? రెండు కొబ్బరిచెట్లు, వాటికి కట్టిన ఒక ఊయల. అందులో ఎక్కితే దిగడానికి మనిషి సాయం కావాలి." చివరికి వదినగారు పెద్దమనిషి తరహాలో పొలం పంచినట్టు పంచారు. మొదటి వాటా ఊరికి, మధ్య వాటా రిసార్టుకి, విమానం పొద్దున్నే కాబట్టి ఆఖరి రాత్రి మళ్ళీ ఊరికి. ఊరి గదులు ఆయన తీసుకోవాలి, రిసార్టు నేను.

ఆయన ఫోన్లో చెప్పారు: "ఆరు నుంచి తొమ్మిది దాకా తీసుకున్నాను. రెండు రాత్రులు నువ్వు తీసుకో." నేను పదో తేదీ నుంచి పన్నెండో తేదీ దాకా రిసార్టు తీసుకున్నాను. తెలుగులో "తొమ్మిది దాకా" అంటే తొమ్మిది కూడా కలుస్తుంది. సెలవు చీటీలో 6 నుంచి 9 దాకా అని రాసి చూడండి, నాలుగు రోజులు కోస్తారు. హోటలువాళ్ళ భాషలో మాత్రం అది మూడు రాత్రులు. తొమ్మిదో తేదీన వాళ్ళు మనకి ఇచ్చేది బిల్లు మాత్రమే.

బయలుదేరే ముందు మేమిద్దరం కాగితాలు దగ్గర పెట్టుకుని సరిచూశాం కూడా. ఊరు మూడు, రిసార్టు రెండు, మళ్ళీ ఊరు ఒకటి. మొత్తం ఆరు. ఉండవలసినవి ఆరు రాత్రులు, డబ్బు కట్టినవి ఆరు రాత్రులు. మా తోడల్లుడు గారు ఆకుపచ్చ సిరా కలంతో టిక్కు పెట్టారు.

వదినగారికి మాత్రం ఒక అనుమానం వచ్చింది, అదీ పేర్ల గురించి. పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, హేవ్‌లాక్‌కి 2018లోనే స్వరాజ్ ద్వీప్ అని పెట్టారు. ఒక కాగితంలో పాత పేరు, ఇంకో కాగితంలో కొత్త పేరు. పైగా నేను తీసుకున్న రిసార్టు ఉన్న బీచ్ పేరు విజయనగర్. "విజయనగరం వెళ్ళడానికి విమానం ఎందుకురా తమ్ముడూ? ద్వారకా బస్ స్టేషన్‌లో ఎక్కితే గంటన్నర" అన్నారావిడ. అందరం నవ్వాం. ఆ నవ్వులో తేదీలు ఎవరూ చూడలేదు.

ఊళ్ళో మూడు రోజులు బాగానే గడిచాయి. అంత దూరం పోయి మొదట విన్నది తెలుగే. ఆటో ఎక్కి నేను హిందీ కూడబలుక్కుంటుంటే, అతను వెనక్కి తిరగకుండానే "తెలుగులో చెప్పండి బాబూ" అన్నాడు. వాళ్ళది సోంపేట దగ్గర పల్లెటూరట. తాతగారి కాలంలో వచ్చేశారట. వదినగారు సంచిలోంచి మాడుగుల హల్వా డబ్బా తీసి అతనికి సగం పెట్టేశారు. ఆ హల్వా ఎంత పని చేసిందో తర్వాత చెబుతాను. సెల్యులార్ జైలు చూశాం. 1906లో పూర్తయినప్పుడు ఏడు విభాగాలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. రంప తిరుగుబాటులో పట్టుబడిన మన మన్యంవాళ్ళను కూడా ఇక్కడికే పంపారని గుర్తు చేసుకుని, బయటికి వచ్చాక చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

తొమ్మిదో తేదీ పొద్దున్న ఎనిమిదిన్నరకి తలుపు చప్పుడైంది. కాఫీ అనుకుని తీశాను. కాఫీ కాదు, హోటలు కుర్రాడు. తొమ్మిదింటికి గదులు ఖాళీ చెయ్యాలన్నాడు. నేను నవ్వి, "రేపు బాబూ, రేపు" అన్నాను. అతను నా కంటే మర్యాదగా నవ్వి కాగితం చూపించాడు. మరో గది ఉందా అంటే, పెళ్ళివారు దిగుతున్నారు, ఒక్కటి కూడా లేదన్నాడు.

ఆ వరండా దృశ్యం నేను మరిచిపోలేను. మా తోడల్లుడు గారు లుంగీ మీద బనియనుతో నిలబడి వేళ్ళు మడుస్తున్నారు. "ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది... నాలుగు వేళ్ళు." మళ్ళీ విప్పారు. "ఆరు రాత్రి, ఏడు రాత్రి, ఎనిమిది రాత్రి..." మూడో వేలు దగ్గర ఆగిపోయి, నాలుగో వేలు మడవాలా వద్దా అన్నట్టు దాన్నే చూస్తూ ఉండిపోయారు. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఆ వేలు ఆయన్ని అంత ఇబ్బంది పెట్టి ఉండదు.

"నువ్వు తొమ్మిది నుంచి తీసుకోవాలి కదా తమ్ముడూ."

"మీరు తొమ్మిది దాకా అన్నారు కదా అన్నయ్యగారూ."

రెండు పొలాల మధ్య గట్టు నాదంటే నాదని కొట్టుకున్న అన్నదమ్ములని చూశాను గాని, నీదంటే నీదని కొట్టుకున్నవాళ్ళు మేమే అయి ఉంటాం. వదినగారు పెట్టె మీద కూర్చుని, "ముందు పంచె కట్టుకోండి. గొడవ తర్వాత" అన్నారు. ఫెర్రీ టికెట్లు పదో తేదీవి. అంటే ఆ రాత్రికి మాకు రెండు ద్వీపాల్లోనూ చోటు లేదు.

హల్వా తిన్న ఆటో అతనే దిక్కయ్యాడు. నాలుగు చోట్ల తిప్పి, అబర్డీన్ బజార్ సందులో ఒక లాడ్జిలో మూడో అంతస్తులో ఒకే ఒక్క గది ఇప్పించాడు. ఆడవాళ్ళకి మంచం, మాకు నేల. కిటికీ తెరిస్తే పక్కింటివాళ్ళ చేపల పులుసు తాలింపు లోపలికి వస్తోంది, మూస్తే గాలి రావడం లేదు. ఫ్యానుకి ఒకటే వేగం, అది తిరుగుతోందో వేలాడుతోందో చెప్పడం కష్టం. మా తోడల్లుడు గారు గోడలు కొలిచినట్టు చూసి, "నిన్న చూసిన జైలు గది కూడా ఇంతే..." అని మొదలుపెట్టబోయారు. వదినగారు గుడ్లురిమారు. "ఆ మహానుభావులు దేశం కోసం వెళ్ళారు. మీరు వేళ్ళు లెక్కపెట్టడం రాక వచ్చారు."

పదింటికి ఆయన గురక మొదలైంది, ఓడరేవులో ఓడని లాగే టగ్గులా. ఎక్కడా ఆగకుండా, మధ్యమధ్య కూత వేస్తూ. అర్ధరాత్రి చీకట్లో మంచం మీంచి వదినగారి గొంతు వినబడింది. "ఈయన లెక్కలు చూసిన ఆఫీసులు ఇంకా నడుస్తున్నాయంటావా?" మా ఆవిడ జవాబు చెప్పలేదు. దుప్పట్లో నవ్వుతోందని మంచం కిర్రుమంటుంటే తెలిసింది.

మర్నాడు ఫెర్రీ దిగి రిసార్టు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఫోటోల్లో చూపించినట్టే ఉంది. కొబ్బరిచెట్లు, ఊయల, మెట్లు దిగితే ఇసుక. సముద్రం మాత్రం లేదు. ఆటు సమయమట, నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయి, పగడపు రాళ్ళు బయటపడి ఉన్నాయి. "ఇల్లు ఊడ్చి వెళ్ళారు, ఓనరు ఇంకా రాలేదు" అన్నారు తోడల్లుడు గారు. నేను పట్టించుకోలేదు. నా పని నీళ్ళతో కాదు, సూర్యుడితో. నాలుగున్నరకల్లా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరండాలో పేము కుర్చీ సముద్రం వైపు తిప్పుకుని, కాఫీ తెప్పించుకుని కూర్చున్నాను. యాభై రెండేళ్ళ కోరిక.

అయిదు నిమిషాలు తక్కువ అయిదు. ఆకాశం గులాబీ రంగుకి తిరిగింది. సూర్యుడు ఎక్కడా లేడు. మబ్బు చాటున ఉన్నాడేమో అనుకున్నాను. మబ్బూ లేదు. కాఫీ గ్లాసు తీసుకెళ్ళడానికి వచ్చిన కుర్రాణ్ణి అడిగాను. అతను ఒక్క మాట మాట్లాడకుండా చెయ్యెత్తి నా తల వెనక్కి చూపించాడు.

రాధానగర్ పడమటి ఒడ్డున ఉంది. విజయనగర్ తూర్పు ఒడ్డున. నేను చెన్నై మీదుగా రెండు విమానాలు, ఒక ఫెర్రీ ఎక్కి, రాత్రికి తొమ్మిది వేలు కట్టి, మళ్ళీ ఆర్.కె. బీచ్‌కే వచ్చి కూర్చున్నాను. అక్కడ కనీసం మురీ మిక్చర్ దొరికేది.

పరుగెత్తి ఆటో ఎక్కాం. రాధానగర్ అరగంట దూరం. ఆ ద్వీపాలు మనకంటే దాదాపు తొమ్మిది డిగ్రీలు తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. డిసెంబరులో అయిదింటికే సూర్యుడు డ్యూటీ దిగిపోతాడు. మేం వెళ్ళేసరికి బీచ్‌లో జనం ఇసుక దులుపుకుంటూ ఎదురొస్తున్నారు. వాళ్ళలో ఒకాయన నన్ను చూసి "అద్భుతం" అన్నట్టు చేతులు విప్పాడు. ఆయన్ని నేను ఇంకా క్షమించలేదు.

"రేపు చూద్దాంలెండి" అంది మా ఆవిడ. రేపంటే పదకొండు. రిసార్టులో మాకు రెండో రాత్రి ఉంది. సరిగ్గా అప్పుడే మా తోడల్లుడు గారు గొంతు సవరించుకున్నారు. ఆఖరి రాత్రి ఊళ్ళో గది తీసుకున్నది ఆయన కదా. తిరుగు ఫెర్రీ టికెట్లు కూడా ఆయనే తీసుకున్నారు. పదకొండో తేదీ మధ్యాహ్నానివి.

ఆ విధంగా తొమ్మిదో తేదీ రాత్రి మాకు ఎక్కడా పక్క లేదు, పదకొండో తేదీ రాత్రి రెండు ద్వీపాల్లో పక్కలు వేసి ఉన్నాయి. తిరుగు ఫెర్రీలో అద్దం పక్కన కూర్చుని, నీళ్ళ మీద సూర్యుడు కిందికి దిగుతుంటే ఊపిరి బిగబట్టి చూశాను. ఇంకో జానెడు దిగితే సముద్రమే అనుకునేలోపు దక్షిణ అండమాన్ కొండలు అడ్డం వచ్చాయి. వాటి వెనక్కి వెళ్ళిపోయాడు, అచ్చం సింహాచలం వైపు జారుకున్నట్టే.

మా ఆవిడ ఫోన్లో మాత్రం ఒక ఫోటో మిగిలింది. ఇస్త్రీ చొక్కా, పేము కుర్చీ, ఎదురుగా ఖాళీ సముద్రం, వెనక నుంచి పడిన ఎర్రటి ఎండలో మెరుస్తున్న నా బట్టతల. సూర్యుడి బదులు అదే చూసి బంధువులంతా బాగుందన్నారు.

ఇంటికి వచ్చిన వారానికి మా తోడల్లుడు గారు ఖర్చుల కాగితం పట్టుకుని వచ్చారు. లాడ్జి అద్దె "చిల్లర ఖర్చులు" కింద వేశారు. హల్వా కూడా రాశారు. అన్నిటికంటే కింద, గీత గీసి: ఉన్న రాత్రులు ఆరు, బుక్ చేసిన రాత్రులు ఆరు, తేడా సున్నా. పక్కన ఆకుపచ్చ టిక్కు.

"చూశావా తమ్ముడూ," అన్నారు కలం మూత పెడుతూ, "లెక్క తప్పలేదు."