సవరణ: ప్రతిపక్ష నేతలు, విదేశీ ప్రభుత్వాలు

"పార్టీ నాయకులు విదేశీ ప్రభుత్వాలతో సొంత దౌత్యం నడపకూడదు" అని మొన్న రాశాను. ప్రతిపక్ష నేతలు రాయబారులను కలవనే కూడదని కొందరు అర్థం చేసుకున్నారు. ఆ వాక్యాన్ని ఇలా చదవండి: "ప్రభుత్వానికి తెలియకుండా, దాని చర్చలకు అడ్డుపడేలా రహస్య మంతనాలు జరపకూడదు."

నా మనసులో ఉన్నది 1968 నాటి అమెరికా. అక్టోబరు 31న అధ్యక్షుడు జాన్సన్ ఉత్తర వియత్నాంపై బాంబు దాడులు ఆపుతున్నట్టు ప్రకటించారు. యుద్ధం ముగించడానికి పారిస్‌లో జరుగుతున్న చర్చలు ముందుకు సాగుతాయని ఆశ పుట్టింది. నవంబరు 2న, అమెరికా పక్షాన ఉన్న దక్షిణ వియత్నాం అధ్యక్షుడు థియూ ఆ చర్చలకు రామన్నారు. 5న అమెరికా అధ్యక్ష ఎన్నికల పోలింగ్. ఈలోగా రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్ తరఫున ఆయన ప్రచారానికి నిధులు సేకరించే అన్నా షెనాల్ట్, దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌కు కబుర్లు పంపుతూనే ఉన్నారు: తొందరపడకండి, ఎన్నికలయ్యేదాకా ఆగండి అని. అవతల జనం చస్తుంటే ఓట్ల కోసం చర్చలకు గండి కొట్టాలని చూడటం క్షమించరానిది. ఇలాంటివి ఆపడానికే అమెరికాలో 1799లో లోగన్ చట్టం తెచ్చారు, కానీ దాని కింద ఇంతవరకు ఒక్కరికీ శిక్ష పడలేదు.

1994 జెనీవా సంగతి వేరు. అక్కడ ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో కశ్మీర్‌పై పాకిస్తాన్ పెట్టిన తీర్మానాన్ని ఎదుర్కోవడానికి పి.వి. నరసింహారావు పంపిన బృందానికి ప్రతిపక్ష నేత వాజ్‌పేయి నాయకత్వం వహించారు. పాకిస్తాన్ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. అలాంటివి ఇంకా జరగాలి. రాయబారిని కలిసి, ఆ సంగతి బయటికి చెప్పే నాయకుడి మీదా నాకు అభ్యంతరం లేదు.