కడగాల్సింది ముందు నీళ్లనే

లేత్ మీద నుంచో గ్రైండింగ్ నుంచో దిగిన పార్టు నేరుగా అసెంబ్లీకి పోదు. ఒంటి నిండా కూలెంట్ (కోతలో వేడి తగ్గించే ద్రవం), కటింగ్ ఆయిల్, సన్నటి ఇనుప రజను అంటుకుని ఉంటాయి. అవన్నీ వదిలేది వాషింగ్ మెషిన్‌లోనే. ఇంత అవసరమైన మెషిన్‌ను ఫ్యాక్టరీల్లో ఇంత తక్కువగా పట్టించుకోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్‌లో ఒక్కో టూలు ఎన్ని పార్టులు కోసిందో లెక్క రాస్తారు. వాషర్ ట్యాంకులో తిరిగి తిరిగి వాడే నీళ్లు ఎన్ని పార్టుల మురికి మోశాయని అడిగితే మాత్రం చెప్పేవాళ్లు అరుదు.

పార్టు మీద మరక కనబడిందనుకోండి. హీటర్ ఐదు డిగ్రీలు పెంచుతారు, ఇంకో క్యాన్ కెమికల్ పోస్తారు, సైకిల్ టైమ్ ఒక నిమిషం పొడిగిస్తారు. మూడూ ఖర్చే, అసలు కారణం మాత్రం అక్కడే ఉండిపోతుంది. వాషింగ్ సామర్థ్యం పెరగాలంటే మొదట ఆ ట్యాంకులోని నీటిని కాపాడుకోవాలి. కొత్త మెషిన్ మాట, కొత్త కెమికల్ మాట ఆ తర్వాతే.

జర్మనీ డిటర్జెంట్ల కంపెనీ హెంకెల్‌లో పనిచేసిన హెర్బర్ట్ సిన్నర్ 1959లో చెప్పిన సూత్రం ఈ రంగంలో ఇప్పటికీ పనికొస్తోంది. మురికిని వదిలించేవి నాలుగు: కెమికల్, వేడి, సమయం, నీటి తాకిడి. ఒకటి తగ్గితే ఆ లోటును మిగతావి పూడ్చాలి. తేడా వచ్చినప్పుడు మనం పెంచేది మొదటి మూడింటిని. చాలాసార్లు తగ్గింది నాలుగోది. షిఫ్టు అయ్యాక స్ప్రే వాషర్ తలుపు తీసి లోపలికి లైటు వేసి చూడండి. ఒక నాజిల్‌లో చుట్టలు తిరిగిన లోహపు తునక ఇరుక్కుని ఉంటుంది. పక్కది అరిగి, సన్నటి ధార పడాల్సిన చోట చిలకరింపు పడుతుంది. ఇంకొకటి వదులై పార్టును వదిలేసి గోడను కడుగుతుంటుంది. దీనికి పంపు ప్రెషర్ పెంచడం విరుగుడు కాదు. ప్రెషర్ రెట్టింపు చేస్తే అదే నాజిల్ నుంచి వచ్చే నీరు 1.4 రెట్లే అవుతుంది, అందుకు కావాల్సిన పవర్ మాత్రం దాదాపు 2.8 రెట్లకు చేరుతుంది. నాజిళ్లు శుభ్రం చేసి, గురి సరిచేయడానికి పట్టేది ఒక్క పూట.

వేడి దగ్గర లెక్క ఇంకా తెలుస్తుంది. 1,000 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు తేవాలంటే సుమారు 46.5 కిలోవాట్ అవర్లు, అంటే మీటరు మీద 46.5 యూనిట్లు పడతాయి. అది ఒక్కసారి పెట్టే ఖర్చు. అదే ట్యాంకు నుంచి గంటకు 10 లీటర్లు ఆవిరైపోతుంటే, ఆవిరి మోసుకుపోయిన వేడికీ, బదులుగా పోసిన చల్లటి నీళ్లను కాచడానికీ కలిపి గంటకు 7 యూనిట్లు కావాలి. 16 గంటల్లో 112 యూనిట్లు! ఎగ్జాస్ట్ ఫ్యాన్ అవసరానికి మించి లాగడం, మూత సరిగా పడకపోవడం అనే రెండు చిన్న లోపాలకే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

అయితే వేడి తగ్గిస్తే చాలు, కరెంటు మిగులుతుందనుకోవడమూ పొరపాటే. స్ప్రే వాషర్ల కోసం చేసిన డిటర్జెంట్లలో చాలావాటికి నురగ రాకుండా ఉండేది ఒక ఉష్ణోగ్రత దాటాకే. దానికి కింద నడిపితే ట్యాంకు నురగతో నిండుతుంది, పంపు నీటితోపాటు గాలినీ పీలుస్తుంది, ధారలో బలం పోతుంది. తక్కువ వేడిలో కడగాలంటే ఆ వేడికే తయారైన కెమికల్ తీసుకోవాలి. అల్యూమినియం పార్టులైతే క్షారం ఎక్కువైనా ప్రమాదమే. అది లోహాన్ని తినేసి నల్లబరుస్తుంది.

ఇక నూనె. కడిగిన నూనె నీటి పైకి తేలుతుంది, పంపు దాన్ని చిలికి మళ్లీ పార్టుల మీదే కొడుతుంది. రాత్రంతా మెషిన్ ఆగి ఉన్నప్పుడు నూనె పైన పొరలా చేరుతుంది కదా, పొద్దున పంపు వేయకముందే, తేలిన నూనెను తోడే స్కిమ్మర్ నడిపించి ఆ పొరను తీసేయాలి. పంపు ముందు వేశారా, రాత్రంతా విడిపోయిన నూనె నిమిషాల్లో మళ్లీ కలిసిపోతుంది. పైసా ఖర్చు లేని మార్పు ఇది. ఇంత చిన్న పని పనివాళ్లకు ఎవరూ చెప్పకపోవడమే నన్ను బాధపెడుతుంది. నూనెను తనలో కలుపుకోకుండా వదిలేసే రకం డిటర్జెంట్ అయితే స్కిమ్మర్ పని ఇంకా తేలికవుతుంది.

ట్యాంకు నీళ్లు ఎప్పుడు మార్చాలి? చాలాచోట్ల క్యాలెండర్ చెబుతుంది. పని తక్కువున్న వారం మంచి నీళ్లు డ్రెయిన్ పాలు, పని ఎక్కువున్న వారం చచ్చిన నీళ్లతోనే కడుగుడు. రోజూ టైట్రేషన్ (నమూనాలో చుక్కలు వేసి రంగు మారడం చూసే పరీక్ష) చేస్తే కెమికల్ బలం ఎంతుందో నిమిషాల్లో తెలుస్తుంది. నీటిలో కరెంటు ఎంత తేలికగా పారుతుందో కొలిచే కండక్టివిటీ మీటరును మాత్రం వాష్ ట్యాంకులో గుడ్డిగా నమ్మకూడదు. పార్టులతో వచ్చే కూలెంట్ లవణాలను కూడా అది కెమికల్ కిందే లెక్కేస్తుంది. కడిగాక మంచినీళ్లతో జాడించే రిన్స్ ట్యాంకుకైతే అది చక్కగా సరిపోతుంది.

రిన్స్ దగ్గర నష్టం పార్టును బాస్కెట్‌లో పెట్టే తీరుతోనే మొదలవుతుంది. బ్లైండ్ హోల్ (అవతలికి తెరుచుకోని రంధ్రం) పైకి ఉండేలా పెట్టిన హౌసింగ్‌ను వాష్ నుంచి తీసి వంచితే బూడిద రంగు నీళ్లు సగం కప్పు కారతాయి. బోర్లా పెడితే ఆ నీళ్లు వాష్ ట్యాంకులోనే ఉండిపోతాయి. అలా ఒక లీటరు కెమికల్ నీళ్లు రిన్స్‌లోకి వచ్చాయనుకుందాం. వాటిని వెయ్యో వంతుకు పలచన చేయాలంటే ఒకే ట్యాంకులో 1,000 లీటర్ల మంచినీళ్లు వదలాలి. రెండు ట్యాంకులు పెట్టి, నీటిని పార్టులకు ఎదురుగా చివరి ట్యాంకు నుంచి మొదటిదానికి పారిస్తే 32 లీటర్లు చాలు. మూడైతే 10. ఆ పారిన నీళ్లనే వాష్ ట్యాంకులో ఆవిరైన నీటికి బదులు పోసుకోవచ్చు.

ఆరబెట్టడానికి కంప్రెస్డ్ ఎయిర్ వాడటం మానుకోవాలి. కంప్రెసర్ తీసుకునే కరెంటులో ఎక్కువ భాగం వేడిగా మారి పోతుంది. తక్కువ ప్రెషర్ బ్లోయర్‌కు ఎయిర్ నైఫ్ (గాలిని పలచటి తెరలా కొట్టే సన్నటి చీలిక) తగిలిస్తే చదునైన పార్టులకు సరిపోతుంది. లోతైన రంధ్రాలుంటే, గాలి లాగేసి తడిని ఆవిరి చేసే వాక్యూమ్ డ్రయ్యింగ్ నయం.

నీటికి బదులు నూనెను కరిగించే సాల్వెంట్‌తో కడిగిన రోజులే మేలనేవాళ్లు ఇంకా ఉన్నారు. వాటిలో ఒకటైన ట్రైక్లోరోఇథిలీన్ నూనెను బాగా తీసేది నిజమే, కానీ అది క్యాన్సర్ కారకం. యూరోపియన్ యూనియన్‌లో 2016 ఏప్రిల్ 21 తర్వాత ప్రత్యేక అనుమతి లేకుండా వాడకూడదు. అమెరికా పర్యావరణ సంస్థ 2024 డిసెంబరులో నిషేధ నిబంధన తెచ్చింది. కాబట్టి ఎక్కువ మందికి నీటితో కడగడమే దారి.

కొత్త వాషర్ కొనేవారు కొటేషన్‌లో గంటకు ఎన్ని పార్టులని ఒక్కటే అడగకూడదు. వాహన భాగాల శుభ్రతను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 16232 ప్రకారం పార్టును కడిగి, ఆ ద్రవాన్ని వడగట్టి, మిగిలిన రేణువులను తూచి, లెక్కించి శుభ్రమేనని ఒప్పుకున్న పార్టు ఒక్కోదానికి ఎంత నీరు, ఎంత కరెంటు, ఎంత కెమికల్ పడుతుందో రాసివ్వమనాలి. రెండో రిన్స్ ట్యాంకుకూ, నూనె వేరుచేసే యూనిట్‌కూ లేఅవుట్‌లో అప్పుడే చోటు ఉంచాలి. మెషిన్ దిగాక చుట్టూ కన్వేయర్లు, ర్యాకులు వచ్చేస్తాయి, అప్పుడు ట్యాంకు పెట్టడానికి జాగా ఉండదు.