సవరణ: భూమి లోపలికి దిగిన సున్నపురాయి గురించి

పోయిన వారం పిడుగురాళ్ల సున్నం బట్టీల గురించి రాస్తూ, సముద్రపు అడుగు పలకతో భూమి లోపలికి దిగిన సున్నపురాయి కూడా బట్టీలో లాగే వేడికి విడిపోయి, దానిలోని కార్బన్ డయాక్సైడ్ అంతా బయటికి వచ్చేస్తుందని చెప్పాను. అది తప్పు. వేడిని లెక్కేసి ఒత్తిడిని వదిలేశాను.

బట్టీలో సుమారు 900 డిగ్రీల దగ్గర రాయి విడిపోతుందంటే, వాయువుకు పోయే దారి ఉంది కాబట్టి. దారి మూసేస్తే? 1800 ప్రాంతంలో స్కాట్లాండ్‌లో జేమ్స్ హాల్ అనే భూగర్భ శాస్త్రవేత్త సుద్దను తుపాకీ గొట్టాల్లో బిగించి కాల్చాడు. వాయువు చాలావరకు లోపలే ఉండిపోయి, సుద్ద చలువరాయిలా గట్టిపడింది.

లోతుల్లోనూ అంతే. సున్నపురాయిలోని ముఖ్య ఖనిజం కాల్సైట్, మరింత చిక్కని అరగొనైట్ అనే రూపంలోకి మారుతుంది. ఇంకా కిందికి వెళితే కాల్షియంకు బదులు మెగ్నీషియం ఉండే అలాంటి ఖనిజం మాగ్నసైట్ విడిపోకుండా నిలబడుతుంది. మన గాలి పీడనానికి సుమారు 8 లక్షల రెట్ల ఒత్తిడిలో, ఇలాంటి ఖనిజాల్లో ఒక్కో కార్బన్ పరమాణువు చుట్టూ మూడు ఆక్సిజన్ పరమాణువులకు బదులు నాలుగు చేరడం ప్రయోగాల్లో చూశారు. నాకైతే ఇదే అన్నిటికన్నా అబ్బురం. కొన్ని వజ్రాల్లో చిక్కుకున్న కార్బనేట్ (సున్నపురాయి జాతి ఖనిజం) రేణువులు కూడా దొరికాయి.

కొంత వాయువు అగ్నిపర్వతాల ద్వారా పైకి వస్తుందన్న మాట మాత్రం నిజమే. గుంటూరులో మా ట్యూషన్ పిల్లలకు ఆ తప్పు పేరా నేనే చదివి వినిపించాను. రేపు క్లాసులో ముందుగా ఇదే చెప్తాను.