నాన్న ఈసీజీ కాగితం తెల్లబడిపోయింది

"పాత ఈసీజీ ఏదైనా ఉందా అమ్మా?" అని డ్యూటీ డాక్టర్ అడిగారు. రాత్రి పదకొండు దాటింది. నాన్నకి ఛాతీ బరువుగా ఉందంటే పరుగున తీసుకెళ్లాం. అమ్మ బట్టల షాపు కవరు విప్పింది. అందులో పన్నెండేళ్ల కాగితాలు: షుగర్ రిపోర్టులు, మందుల చీటీలు, స్కానింగులు. వెతగ్గా వెతగ్గా ఈసీజీ దొరికింది. గళ్లు ఉన్నాయి, గీత లేదు! థర్మల్ పేపరు కదా, బస్సు టికెట్టు మీద అక్షరాల్లాగే చెరిగిపోయింది. ప్లాస్టిక్ ఫైల్లో పెడితే ఇంకా త్వరగా పోతుందట. అమ్మ భద్రంగా ఉంటుందని అందులోనే దాచింది.

కొత్త ఈసీజీలో తేడా కనిపించింది. అది ఆ రోజు వచ్చిందా, ఎప్పటినుంచో ఉన్నదా? పోల్చి చూడ్డానికి ఏమీ లేదు. రాత్రంతా అబ్జర్వేషన్‌లో ఉంచి, గంటల తేడాతో ట్రోపోనిన్ పరీక్ష (గుండె కండరం దెబ్బతిందేమో చూసే రక్త పరీక్ష) మళ్లీ మళ్లీ చేశారు. డాక్టర్‌ని తప్పు పట్టను, ఆయన చేయాల్సింది అదే. తెల్లారేసరికి భయం లేదన్నారు. కానీ ఆ రాత్రి అమ్మ ముఖం నేను మర్చిపోలేను.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, నాన్నకి ఆభా నంబరు, అదే మన ఆరోగ్య రికార్డులు కలిపి చూసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే నంబరు, ఉంది కదా అని. ఊళ్లో హెల్త్ క్యాంపులో ఆధార్ తీసుకుని చేసిచ్చారు. 14 అంకెల కార్డు, లామినేషన్ కూడా చేయించుకున్నారు. యాప్‌లో తెరిచి చూస్తే పేరు, ఫొటో, పుట్టిన తేదీ. అంతే! ఒక్క రిపోర్టు లేదు.

2021 సెప్టెంబరులో ఈ ఆభా నంబరు ఇచ్చే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైనప్పుడు నేను నిజంగా సంతోషించాను. ఆలోచన చాలా మంచిది. రిపోర్టులన్నీ ఒకచోట కుప్పపోయరు, ఎక్కడివక్కడే ఉంటాయి. మనం ఒప్పుకుంటేనే, ఒప్పుకున్నన్ని రోజులే డాక్టర్‌కి కనిపిస్తాయి. వద్దనుకుంటే ఆ అనుమతి వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఆసుపత్రో ల్యాబో తమ సాఫ్ట్‌వేర్‌ని దానికి కలిపి, మన రిపోర్టు లింక్ చేస్తేనే ఇదంతా. నంబరు ఇవ్వడానికి ఉన్న హడావుడి లింక్ చేయడానికి ఎందుకు లేదు? ఓపీ కౌంటర్ దగ్గర ఆభా యాప్‌తో క్యూఆర్ స్కాన్ చేస్తే టోకెన్ వస్తోంది, క్యూ తగ్గుతోంది, మంచిదే. కానీ లోపల డాక్టర్ అడిగేది టోకెన్ కాదు, పాత రిపోర్టు.

డేటా బయటికి పోతుందన్న భయం నాకూ ఉంది. 2022లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి రోజుల తరబడి కాగితాల మీద పని నడిపారు. భద్రత గట్టిగా ఉండాల్సిందే. కానీ ఇప్పుడు మనం చేస్తున్నది మాత్రం భద్రమా? అమెరికాలో ఉన్న తమ్ముడి కోసం నాన్న రిపోర్టులన్నీ ఫ్యామిలీ గ్రూపులో పెడుతున్నాం. బాబాయిలు, పిన్నులు, వాళ్ల అల్లుళ్లు, అందరూ చూస్తారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పోయినేడాది ఎంతుందో కావాలంటే గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల మధ్య వెతుక్కోవాలి.

ల్యాబ్‌కి వెళ్లినప్పుడు నేనిప్పుడు తప్పకుండా అడుగుతున్నాను: "ఆభాకి లింక్ చేస్తారా?" మీరూ అడగండి. పదిమంది అడిగితే కౌంటర్లో అమ్మాయి మేనేజర్‌కి చెబుతుంది. ఈలోగా ఇంట్లో పెద్దవాళ్ల ఈసీజీలు ఉంటే, గీత కనిపిస్తున్నప్పుడే, తేదీ పడేలా ఈరోజే ఫొటో తీసి పెట్టుకోండి.